గుర్రం తడవకూడదు

ప్రభుత్వాలు మారుతాయి, జిల్లాలు మారుతాయి, తనిఖీ అధికారి గుర్రం మాత్రం శాశ్వతం. నిజాం కాలంలో అధికారులు గుర్రమెక్కి తనిఖీ దౌరాకు వచ్చేవారు. అందుకని ప్రతి బడిలో గుర్రానికి శాల, గడ్డిమోపు సిద్ధంగా ఉంచాలని పాఠశాలల పర్యవేక్షణ విభాగం ఆనాడే నిర్దేశించింది. (ఇప్పటి అధికారి కారులో వస్తారు. కారు గడ్డి తినదన్న సంగతి ఇంకా విభాగం దృష్టికి రాలేదు.)

లింగంపేట దగ్గరి ఒక ఊరి బడికి పెద్ద పంతులమ్మ అరుణజ్యోతి. ఆమె దిగులంతా రెండో తరగతి గది గురించే. వానొస్తే పిల్లల నెత్తిన ధారలు. కప్పు పెచ్చు ఎప్పుడు ఏ పిల్ల మీద పడుతుందోనని ఆమెకు కంటికి కునుకుండదు. మరమ్మతు అడిగినప్పుడల్లా నిధులు లేవనేవారు. గుర్రపుశాలకు మాత్రం ఏటేటా కొత్త రేకులు దిగేవి.

ఈ నియమం ఎత్తేయరాదా అని ఎల్లారెడ్డి పట్నం వెళ్లి తనిఖీ అధికారి శైలేందర్‌ను అడిగింది. రద్దు కావాలంటే అధికారి గుర్రం మీదే వచ్చి, గుర్రం అక్కర్లేదని స్వయంగా తేల్చాలని ఆయన ఓపికగా వివరించాడు.

"గుర్రమెక్కి వచ్చినంక, గుర్రం అక్కర లేదని ఎట్ల చెప్త మేడమ్?" అన్నాడు.

అరుణజ్యోతికి ఒళ్లు మండింది. మర్నాడే పిల్లలను గుర్రపుశాలలో కూర్చోబెట్టింది. ఆ వానాకాలం ఎక్కాలు తడవలేదు.

తనిఖీకి వచ్చిన శైలేందర్ కోప్పడలేదు. మరి గుర్రం ఏడ ఉంటదని మాత్రం బాధగా అడిగాడు. ఆమె తడుముకోకుండా రెండో తరగతి గది చూపించింది. ఆ కప్పు చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. మూగజీవం తడిస్తే పాపం ఎవరిది? వారం తిరగకముందే కొత్త స్లాబు, కిటికీలు, నీళ్లతొట్టి మంజూరయ్యాయి.

తన ఎత్తు పారిందని అరుణజ్యోతి మురిసిపోయింది. పిల్లలను గదిలోకి తెచ్చేలోపే ఉత్తర్వు వచ్చింది. గది గుర్రానిది కనుక పిల్లలకు ప్రవేశం లేదు. పాత శాలలో ఇక గుర్రం ఉండదు కనుక దాని రేకులు విప్పుకుపోయారు.

మళ్లీ వానొచ్చింది. బీడీలు చుట్టే సాలవ్వ మనుమరాలిని దింపడానికి వచ్చి, తాళం వేసిన కొత్త గదినీ, దాని చూరు కింద ముడుచుకున్న పిల్లలనూ చూసింది.

"పంతులమ్మా, మా పోరిని గుర్రమని రాస్కోరాదు?" అంది.

అరుణజ్యోతి నవ్వబోయింది. తీరా నియమాలు తిరగేస్తే, అడ్డేమీ కనబడలేదు.