కుడి ఇంజను ప్రారంభోత్సవం

"ఏటి నడుమ దీవి ప్రజల చిరకాల వాంఛ తీరబోతోంది. ఇరవై రెండేళ్ల మన మోటారు లాంచీకి నా హయాంలో కొత్త ఇంజను వచ్చి తీరుతుంది!" అని జలరవాణా మంత్రిగారు పత్రికలవారి ముందు ప్రకటించారు. ఆ లాంచీకి ఇంజన్లు రెండనీ, అందులో ఒకటి చచ్చి నలభై రోజులైందనీ మాత్రం చెప్పలేదు. పెద్దవాళ్లు చిన్న విషయాలు పట్టించుకోరు.

పానా బాబాయికి పట్టించుకోక తప్పలేదు. లాంచీ నడిపేదీ ఆయనే, బాగుచేసేదీ ఆయనే. చేతిలో పానా లేకుండా ఎవరూ చూసి ఎరగరు కనుక ఆ పేరు. రెండ్రోజులుండి వస్తానని దీవిలోని పుట్టింటికి వెళ్లిన ఆయన భార్య అక్కడే చిక్కుకుపోయింది. ఒక్క ఇంజనుతో కూడా లాంచీ నెమ్మదిగా అవతలికి చేరగలదు. కానీ రెండూ పనిచేస్తున్నాయని ఆఫీసు కాగితం ఇస్తే తప్ప రేవు వదలకూడదని రూలు. వరదకి తెడ్డు పడవలు ఎప్పుడో కట్టేశారు.

ఆ మధ్యాహ్నం భార్య ఫోను చేసింది.

"ఏమండీ, అమ్మ గుండె మాత్రలు శుక్రవారం దాకానే ఉన్నాయి."

"మంత్రిగారు ప్రకటించారుగా!"

"ఆ ప్రకటన పూటకెన్ని వేసుకోవాలట?"

బాబాయి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. అత్తగారికీ ఆయనకీ ఎప్పుడూ పడదు గానీ, ఆవిడ లేకపోతే పోట్లాడేందుకు ఇంకెవరున్నారు?

మర్నాడే మంజూరు కాగితం వచ్చేసింది. మన ఆఫీసు ఇంత చురుగ్గా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అందులో "చెడిపోయిన కుడి ఇంజను తొలగించి కొత్తది బిగించవలెను" అని ఉంది.

బాబాయి పరుగెత్తుకుంటూ ఇంజనీరుగారి గదికి వెళ్లాడు. "సార్, చెడింది ఎడమది. కుడిది నిక్షేపంలా ఉంది."

"నేను స్వయంగా తనిఖీ చేశానయ్యా. కుడిదే."

"మీరు కొత్త బూట్లు తడుస్తాయని రేవు మీదే నిలబడి ఎదురుగా చూశారు సార్. అటునుంచి ఎడమది కుడిగా కనిపిస్తుంది. లాంచీకి కుడి ఎడమలు ఎక్కి కూర్చున్నాకే."

"అయితే మంత్రిగారి సంతకాన్ని తీసుకెళ్లి లాంచీలో కూర్చోబెట్టమంటావా? కుడి అని పదకొండు మంది సంతకం పెట్టారు. ఎడమ అంటున్నది నువ్వొక్కడివి."

"ఇంజను కూడా నా పక్షమే సార్."

"దానికి ఓటు లేదు."

ఇంత స్పష్టమైన పరిపాలనకు బాబాయి ఓ దణ్ణం పెట్టి బయటికొచ్చాడు.

గురువారం పొద్దున కొత్త ఇంజను పెట్టెలో దిగింది. తళతళా మెరుస్తోంది. ఇంజను మూత చుట్టూ ఎర్ర రిబ్బను, దానికి సీలు: 'మంత్రిగారు ప్రారంభించే వరకు మూత తీయరాదు.' పాతవాటిని ఎత్తాలంటే నలుగురు కావాలి. దీన్ని బాబాయి, ఆఫీసు ప్యూను కలిసి కూరల సంచీలా మోసుకొచ్చారు.

"సార్, మరీ తేలిగ్గా ఉంది," అన్నాడు బాబాయి.

"లేటెస్ట్ టెక్నాలజీ. బరువంతా తీసేశారు," అని ఇంజనీరుగారు భోజనానికి వెళ్లారు.

బాబాయికి అనుమానం వచ్చింది. కానీ సీలు విప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఆయన పానా తీసి, మనుషుల్ని పిలిచి, పాత ఇంజన్లు రెండూ విప్పించాడు. బాగున్నదాన్ని ఎడమ పక్క బిగించాడు. కొత్తదాన్ని కుడి పక్క పెట్టాడు. చచ్చినదాన్ని తోపుడుబండి ఎక్కించాడు. ఎడమదాన్ని ముట్టుకున్నట్టు ఫైల్లో లేదు కనుక అటు ఎవరూ చూడలేదు.

ఇంజనీరుగారు తిరిగొచ్చి, బండి మీదున్న ఇంజను స్టార్టు చేసే తాడు నాలుగుసార్లు లాగారు. అది కిమ్మనలేదు.

"చూశావా? కుడిది చచ్చిందని చెబితే విన్నావు కాదు!"

"మీ మాటకు తిరుగేముంది సార్," అన్నాడు బాబాయి. రెండు ఇంజన్లూ పనిచేస్తున్నాయని అక్కడికక్కడే కాగితం తయారైంది.

శుక్రవారం మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించి, కుడి ఇంజను బటను నొక్కారు. సరిగ్గా అప్పుడే బాబాయి ఎడమదాని తాడు లాగాడు. లాంచీ బయల్దేరింది. దారి పొడవునా అది కుడికి తిరిగిపోతుంటే, బాబాయి స్టీరింగును బలంకొద్దీ ఎడమకు పట్టుకున్నాడు. భుజాలు పడిపోతున్నా, జేబులోని మాత్రలు తడుముకుంటూ పట్టు వదల్లేదు.

మంత్రిగారు కుడి ఇంజను మీద చెయ్యేసి పరవశించిపోయారు. "వేడి లేదు. పొగ లేదు. అదురు లేదు. ఆహా, శబ్దమే లేదు! మరి ఈ మోత ఎక్కడిది?"

"అది ఎడమది సార్. పాత సరుకు," అన్నారు ఇంజనీరుగారు సిగ్గుపడుతూ.

దీవి రేవులో భార్యనూ అత్తగారినీ చూడగానే బాబాయికి ప్రాణం లేచొచ్చింది. మంత్రిగారు వేదిక వైపు నడిచారు. బాబాయి మాత్రలు అందించాడు. "చిక్కిపోయారు," అంది భార్య కళ్లు తుడుచుకుంటూ. అత్తగారు మాత్రలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు.

రిబ్బను ఎలాగూ తెగింది కదా అని బాబాయి కొత్త ఇంజను మూత ఎత్తాడు. భార్య కూడా తొంగి చూసింది. లోపల పదేళ్ల గ్యారంటీ కార్డు ఒక్కటే ఉంది.

వేదిక మీద మంత్రిగారి గొంతు మైకులో మోగింది. "కుడి ఇంజను పనితనం కళ్లారా చూశాను. ఆ ఎడమదాని మోతా పొగా మన ప్రజలు ఇంకెన్నాళ్లు భరించాలి? అందుకే ప్రకటిస్తున్నాను. సోమవారంలోగా దాన్ని కూడా పీకించి, అచ్చం ఇలాంటిదే బిగించబోతున్నాం!"

దీవి అంతా చప్పట్లతో మారుమోగింది.

"అత్తయ్యా, లాంచీ ఎక్కండి," అన్నాడు బాబాయి.

"నేనెందుకు నాయనా? మాత్రలు వచ్చాయిగా?"

బాబాయి ఎత్తిన మూతను అలాగే పట్టుకుని ఆవిడకు చూపించాడు. అత్తగారు లోపలికి చూశారు. వేదిక వైపు చూశారు. ఆ తర్వాత కూతురి పెళ్లైన ఇన్నేళ్లలో మొదటిసారి అల్లుడి మాటకు ఎదురు చెప్పకుండా, ఇంటికి తాళం వేసి రావడానికి గబగబా బయల్దేరారు.