మూడో గేరు పడినంతసేపు

సోమవారం ఉదయం 10.20కి బొడ్డవలస రోడ్డు లేకుండా పోయింది. గెమ్మెలి కొండన్న ట్రాలీ ఆటోకు మూడో గేరు పడలేదని కొలతల పుస్తకంలో రాసిన నిమిషానికే పోయింది. పదకొండు కిలోమీటర్లలో గజం మిగల్లేదు. రోడ్డు ఉన్నచోట తుప్పలు, బండలు, రెండు వాగులు కనిపించాయి. మండల కేంద్రంలో ఇంజనీరు ఆఫీసు ముందు ‘బొడ్డవలస 11 కి.మీ.’ అన్న బోర్డు మాత్రం ఉంది. బోర్డు వేరే పద్దు కింద వేసింది.

ఆఫీసులో ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. నిబంధన అందరికీ తెలిసిందే. కొండ ప్రాంతంలో ఒక దారి రోడ్డు అనిపించుకోవాలంటే దాని పేరు మీద నమోదైన మూడు చక్రాల బండి మూడో గేరులో నడవాలి. రెండో గేరు దాకానే నడిస్తే అది బాట. బాటలు ఇంకో శాఖవి. ఆ శాఖ రికార్డులో బొడ్డవలస వైపు తుప్పలున్నాయి.

రాసింది ఏఈ హైమావతి. ఆమె ఆ సీటులోకి వచ్చి మూడు వారాలైంది. పొద్దున కొండన్న పక్కన కూర్చుని రెండు కిలోమీటర్లు వెళ్ళి, తిరిగి ఆఫీసు ముందుకొచ్చాక పుస్తకం తెరిచింది.

‘‘నేను చూసిందే రాశాను కొండన్నా. పడలేదు కదా.’’

‘‘పడనేదు మేడం,’’ అన్నాడు కొండన్న. అబద్ధం ఆడదామంటే ఆమె పక్కనే కూర్చుని చూసింది మరి.

కొండన్నది బొడ్డవలసే. ఆ రోడ్డుకు నమోదైన బండి అతనిదొక్కటే. కూతురు సీతాయికి నెలలు నిండాయి. నర్సు శుక్రవారం అని తారీఖు చెప్పింది. గురువారం ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద పరుపు వేసి, కూతుర్ని ఆస్పత్రికి దింపాలని అతను అనుకున్నాడు. సీతాయి తల్లిని ఇరవై రెండేళ్ళ కిందట డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే కాన్పయింది. బిడ్డ సీతాయి దక్కింది, తల్లి దక్కలేదు. అది ఏడో కిలోమీటరు. అప్పటికి కిలోమీటర్లు లేవు. రోడ్డు వచ్చాక కొండన్న లెక్క కట్టుకున్నాడు.

బస్టాండు దగ్గర షెడ్డు ఉన్న మెకానిక్కు అప్పలసూరికి కబురు వెళ్ళింది. అతను సంచీతో వచ్చి ఆఫీసు ముందే గోనెపట్టా పరిచాడు. బండి వయసు పందొమ్మిదేళ్ళు. గేరూ క్లచ్చీ రెండూ హ్యాండిల్‌కు ఎడమవైపే. పిడి తిప్పితే కేబుల్ లాగుతుంది, కేబుల్ లాగితే గేరు పడుతుంది. అప్పలసూరి ముందు క్లచ్చి చూశాడు. కేబుల్ వదులుగా ఉంటే బిగించాడు. ఒకటి పడింది, రెండు పడింది, మూడు పడలేదు. గేరు ఆయిల్ దింపాడు. ఆయిల్ నల్లగా వచ్చింది, అందులో ఇనప రజను ఉంది. కొత్తది పోశాడు. మూడు పడలేదు. చివరికి గేరు కేబుల్ ఊడదీసి ఎండలో పట్టుకుని చూశాడు. సగం దాకా మెరుస్తోంది. మిగతా సగం తుప్పు.

‘‘ఒరే కొండన్నా, నీ బండికి రోగం నేదురా. అలవాటు నేదు. ఈ కేబులు ఇక్కడ దాటి ఎప్పుడూ రానేదు. తొమ్మిదేళ్ళుగా మూడో గేరు ఎయ్యకుండా ఎలగ తిప్పేవురా?’’

కొండన్న తల గోక్కున్నాడు. ఎక్కేటప్పుడు ఒకటి, రెండు. దిగేటప్పుడు న్యూట్రల్. కొండ మీది బళ్ళన్నీ అలాగే దిగుతాయి, డీజిల్ మిగులుతుంది. ఆ గోతుల్లో మూడో గేరుతో పనేముంది?

హైమావతి మెట్ల మీద నిలబడి ఇదంతా విన్నది. తొమ్మిదేళ్ళ కిందట పాత ఏఈ ఈ బండిలోనే కూర్చుని రోడ్డును ధ్రువీకరించాడు కదా, అప్పుడెలా పడిందని అడిగింది. అప్పుడు దిగువకు వస్తున్నామని కొండన్న చెప్పాడు. బండి న్యూట్రల్‌లో జోరుగా పోతోంది. ఇది మూడో గేరేనా అని సారు అడిగాడు. అవునన్నాడు. బండి దిగుతుంటే పెద్దమనిషితో కాదని ఎలా అంటాం? సారు రాసుకున్నాడు. ఆ సాయంత్రానికి కొండ మీద రోడ్డు ఉంది. తొమ్మిదేళ్ళూ దాని మీదే బియ్యం వచ్చాయి, టీచరు వచ్చింది.

పాత అబద్ధాన్ని తిరిగి రాయడానికి పుస్తకంలో గడి లేదని హైమావతి చెప్పింది. కొత్తగా నిజం అయితే రాయొచ్చట.

మంగళవారం అప్పలసూరి ఓ తుక్కు బండి నుంచి కేబుల్ తెచ్చి వేశాడు. మూడో గేరు పడింది, బండి కదలగానే జారిపోయింది. లోపల పళ్ళు అరిగాయి. ఆ పళ్ళు చేసే కంపెనీ ఆ బండి చేయడం మానేసి పదేళ్ళు దాటింది. బరువు పడితే గేరు నిలవదని, బరువు లేకుండా చూద్దామని అతను వెనక ఇరుసు కింద రెండు బండరాళ్ళు పెట్టి చక్రాలు పైకి లేపాడు. ఇంజను వేశాడు. కొండన్న పిడి మూడు మీదికి తిప్పి గట్టిగా పట్టుకున్నాడు. చక్రాలు గాలిలో తిరిగాయి. గేరు నిలిచింది.

హైమావతి నిబంధన తెప్పించి రెండుసార్లు చదివింది. బండి మూడో గేరులో ‘నడవాలి’ అని ఉంది. ‘వెళ్ళాలి’ అని లేదు. ఇంజను నడుస్తోంది. ఆమె పుస్తకంలో రాసింది. మధ్యాహ్నం 3.05కి బోర్డు వెనక రోడ్డు కనిపించింది. గోతులతో సహా వచ్చింది.

కొండన్న పిడి వదిలి చూడటానికి లేచాడు. గేరు జారింది, రోడ్డు పోయింది. రోడ్డు మీదికి అప్పుడే అడుగుపెట్టిన అటెండరు తుప్పల్లోంచి పంచె విడిపించుకుంటూ బయటికొచ్చాడు. కొండన్న మళ్ళీ కూర్చున్నాడు.

విషయం తేలిపోయింది. పాత అబద్ధం తొమ్మిదేళ్ళు నిలిచింది, కొత్త నిజం గేరు నిలిచినంతసేపే నిలుస్తుంది. బండి రాళ్ళ మీద ఉంటేనే రోడ్డు ఉంటుంది. రోడ్డు మీదికి వెళ్తే రోడ్డు ఉండదు. డీజిల్ ఆఫీసు నుంచి ఇచ్చేలా, రాత్రులు అప్పలసూరి పిడి పట్టేలా ఉత్తర్వు తయారైంది. పరీక్ష నడుస్తున్నంతకాలం రోడ్డు మీద ఏ వాహనమూ వెళ్ళరాదని బోర్డు కింద రెండో బోర్డు కట్టారు. పరీక్ష ఆపితే రోడ్డు ఉండదు కాబట్టి పరీక్షకు ముగింపు తేదీ వేయలేదు.

గురువారం ఉదయం 11.40కి కొండన్న ఫోను మోగింది. అల్లుడు లచ్చన్న ఊరి పైన సిగ్నలు అందే బండ ఎక్కి మాట్లాడుతున్నాడు.

‘‘మావా, నొప్పులొచ్చేసినాయి. బండి తెత్తావా?’’

కొండన్న రోడ్డు వైపు చూశాడు. తారీఖు దగ్గర పడిందని నర్సు పంపిన అంబులెన్సు రెండో బోర్డు దగ్గరే ఆగి ఉంది. డ్రైవరు బోర్డు చదివి ఇంజను ఆపేశాడు. హైమావతి అతనితో మాట్లాడి చూసింది. వెళ్ళమని రాసిస్తే వెళ్తానన్నాడు. రాసిస్తే పరీక్ష ముగిసినట్టవుతుంది. ఆమె పెన్ను మూత తీసింది, చాలాసేపు పట్టుకుంది, మూత పెట్టింది.

‘‘బండి రాదురా,’’ అన్నాడు కొండన్న ఫోనులో. ‘‘డోలీ కట్టండి. రోడ్డు నాను ఉంచుతాను. బేగి తెండి.’’

నలుగురు మోశారు. ఊరు దాటి దిగాక సిగ్నలు అందుతుంది కాబట్టి, అటెండరు చేతికిచ్చిన కొండన్న ఫోనుకు కిలోమీటరుకోసారి లచ్చన్న నుంచి కబురు వస్తూ ఉంది. ఒంటిగంటకు ఎనిమిదో కిలోమీటరు. కొండన్న ఎడమ చేయి తిమ్మిరెక్కింది. అప్పలసూరి తాను పడతానన్నాడు. చేయి మారేటప్పుడు గేరు జారితే? కొండన్న ఇవ్వలేదు. రాత్రి మనిషి మారిన ప్రతిసారీ గేరు ఒక క్షణం జారింది. అప్పుడు రోడ్డు మీద ఎవరూ లేరు.

1.25కి ఏడో కిలోమీటరు. అక్కడ డోలీ దింపి భుజాలు మార్చుకున్నారు. ఇంజను శబ్దం మారింది. డీజిల్ అడుగంటిందని అప్పలసూరి క్యాను అందుకున్నాడు. ఇండెంటు మీద సంతకం లేదని గుమస్తా అన్నాడు. హైమావతి అతని చేతిలో కాగితం లాక్కుని సంతకం చేసి, క్యాను మూత తానే తిప్పింది. ఇంజను ఆగలేదు. కొండన్న కళ్ళు మూసుకుని ఏడు దాటిందా అని అడిగాడు. కాసేపటికి దాటిందని కబురు వచ్చింది.

3.10కి డోలీ బోర్డు దగ్గరికి చేరింది. సీతాయి తండ్రి వైపు చెయ్యెత్తింది. అతను కుడి చెయ్యి ఎత్తాడు. ఆమెను అంబులెన్సులోకి ఎక్కించారు. ఆస్పత్రి రెండు వందల మీటర్లు. 4.52కి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమమని నర్సు రిజిస్టరులో రాసింది. ‘గ్రామానికి రోడ్డు సౌకర్యం’ అన్న గడిలో ‘ఉంది’ అని రాసింది.

శుక్రవారం హైమావతి నివేదిక పైకి వెళ్ళింది. రోడ్డు వినియోగంలో ఉందని, గురువారం ఒక గర్భిణి దాని మీదుగా ఆస్పత్రికి చేరిందని అందులో ఉంది. పై ఆఫీసు సంతృప్తి తెలిపింది. ఈ పద్ధతిని మరో పద్నాలుగు గ్రామాలకు వర్తింపజేయాలని, అందుకు పాత మూడు చక్రాల బళ్ళను, బండరాళ్ళను సేకరించాలని కోరింది.

ఆదివారం ఉదయం తల్లీ పిల్లలను అదే డోలీలో ఇంటికి బయల్దేరదీశారు. బోర్డు దగ్గర లచ్చన్న ఆగి, పిల్లను ఎత్తి మావకు చూపించాడు.

‘‘ఎత్తుకో మావా.’’

కొండన్న కుడి చేత్తో పిల్ల పాదాలు ముట్టుకున్నాడు.

‘‘ముందు ఇల్లు చేరండి,’’ అన్నాడు.

డోలీ 8.15కి బయల్దేరి 12.35కి బొడ్డవలస చేరింది. అప్పటికి మూడో గేరు పడే ఉంది. కొండన్న ఎడమ చేయి పిడి మీదే ఉంది.