ఐలన్న కట్టిన పెన్సిలిన్ తాయెత్తు

"మా వీర్రాజుకి ఎవరైనా తెలియక పెన్సిలిన్ పొడిచేస్తే?" అంది నాగేశ్వరి, పొద్దున్నే అన్నం వారుస్తూ. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

కొడుకు ఉద్యోగంలో చేరిన రోజునే ఆమె పటాన్‌చెరు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోర్‌మన్‌ను పట్టుకుని, "మావాణ్ణి మిషన్ల దగ్గర పెట్టకండి బాబూ" అని బతిమాలింది. తోటివాళ్ళు పగలబడి నవ్వారు. ఆ సిగ్గుకు వీర్రాజు ఇల్లు వదిలి ఇస్నాపూర్‌లో గది తీసుకున్నాడు. మూడు నెలలుగా ఆమెతో మాటల్లేవు. మధ్యాహ్నం గేటు దగ్గర క్యారియర్ అందుకుని వెళ్ళిపోతాడు. ఒక్కసారి "అమ్మా" అంటాడేమోనని ఆమె గేటు మూసేదాకా నిలబడేది.

చిన్నప్పుడు పెన్సిలిన్ సూదికే వాడు చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. ఆ సంగతి చెక్కిన వెండిబిళ్ళ మెడలో ఉండాలని అప్పట్లో డాక్టరు చెప్పాడు. అందుకే అన్నం వార్చిన ఆ పొద్దున్నే, "ఇతనికి పెన్సిలిన్ ఇవ్వరాదు, ప్రాణం పోతుంది" అని చీటీ రాసి వెండిపని ఐలన్నకిచ్చింది. "ఇది చెక్కి మీరే కట్టండి. నేనిస్తే పుచ్చుకోడు."

ఐలన్నకు చదువు రాదు. గీతలు చూసి చెక్కుతాడు. జీవితమంతా తాయెత్తులే చేసిన మనిషి కనుక రేకు మీద చెక్కి, చుట్టి, గొట్టంలో పెట్టి, లక్కతో మూసి వీర్రాజు జబ్బకు కట్టేశాడు.

"అయ్యో, అది పైకి కనబడాలండీ!" అంది సంగతి తెలిసిన నాగేశ్వరి.

"రాత గాలికి పెడ్తె పనిజేస్తదా అమ్మా? పరేషాన్ గాకు."

మర్నాడే ఫ్యాక్టరీలో క్రేను గొలుసు తెగి వీర్రాజు పక్కన ఇనుపదిమ్మ పడింది. వాడికి గీటు కూడా పడలేదు. "గా తాయెత్తు మహిమరా!" అన్నాడు తోటి కార్మికుడు అంజన్న. వారంలో పదకొండుమంది అలాంటిదే కట్టించుకున్నారు. చీటీ ఐలన్న దగ్గరే ఉంది.

తర్వాత అంజన్న కాలికి గాయమైంది. పెన్సిలిన్ సూది వేయబోతుంటే తాయెత్తు అడ్డొచ్చింది. డిస్పెన్సరీ కాంపౌండర్ బర్నబా దాన్ని తీస్తే లక్క ఊడి రేకు బయటపడింది. చదివి హడలి, సూది ఆపేశాడు. రెండోవాడి దాంట్లోనూ అదే రాత. మూడోవాడిదీ అంతే. "నాతోని ఆటలాడుతున్నరా?" అని పన్నెండూ విప్పించి డబ్బాలో పడేశాడు. తన రాత మాత్రం నిజమంటే నవ్వుతారని వీర్రాజు నోరు మెదపలేదు.

శనివారం వీర్రాజు చెయ్యి కోసుకుపోయింది. క్యారియర్‌తో వచ్చిన నాగేశ్వరి ఆ మాట విని డిస్పెన్సరీలోకి పరుగెత్తింది. బర్నబా చేతిలో మందు ఎక్కించిన సూది. గుమ్మం నిండా తోటివాళ్ళు.

"వెయ్యకండి బాబూ! మావాడికి పెన్సిలిన్ పడదు!"

"పన్నెండుమందికి గదే రాత ఉండె. పదకొండుమంది ముందుగాల గీ సూది ఏయించుకున్నోల్లే, మంచిగనే ఉన్నరు," అని బర్నబా వీర్రాజు వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు. నిజమేనా?"

వీర్రాజు తల దించుకున్నాడు. గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. నాగేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిజమేనండి," అన్నాడు చివరికి. "అమ్మా, నువ్వు కూర్చో."

ఆమె కూర్చుంది. కూర్చోగానే, సూది లేకపోతే ఆ చెయ్యి చీము పడుతుందేమోనని భయం పట్టుకుంది.