మధ్యాహ్ననిద్రా రక్షణ సంగ్రామము

నిద్రాదేవీ, ముందుగా నీకు నమస్కారము! ఏ కార్యాలయపు అనుమతి పత్రమును అడుగక, ఏ బ్యానరును కట్టింపక, ఎవరిచేతను రిబ్బను కత్తిరింపజేయక, నేరుగా వచ్చి కనురెప్పలపై కూర్చుండు ఏకైక సంక్షేమ సంస్థవు నీవే గదా! వారములలో బుధవారమున, వేళలలో భోజనానంతర వేళను, గోడ గడియారమున ఒంటిగంట దాటి పది నిమిషములైన తరుణమున, నీ పక్షమున ఒంటరిగా నిలిచి పోరాడిన ఒక వీరనారి గాథను చెప్పబూనితిని.

రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీ వెనుక వీధిలో, మందుల దుకాణమునకును సైకిళ్లు బాగుచేయు కొట్టునకును నడుమ ఇరుకున నొదిగిన శిశు సంరక్షణ కేంద్రమను దుర్గమున, ఆకుపచ్చ చాపలపై, ఇరువదిరువురు శిశువీరులు అన్నము తిని, మూతులు తుడిపించుకొని, నేలకొరిగి యుండిరి. ఆ దుర్గమునకు రక్షకురాలు, ఏడుపు వినియే అది ఆకలిదో అలకదో నిద్రమత్తుదో నిర్ణయింపగల రోదనశాస్త్రకోవిద, పదునెనిమిదేండ్లుగా పరుల బిడ్డలను జోకొట్టి జోకొట్టి అరచేయి అరిగిన కరుణాకరకమల, ఆయమ్మ. ఆమెకు వేరొక పేరు హాజరు పట్టీలో నుండవచ్చును గాని, దానితో పిలిచిన ఆమె పలుకదు.

ఆనాడు ఆమె చేయి ఒక మూల చాపపై నిలిచి యుండెను. అచట పిచ్చుక అని అందరును ముద్దుగా పిలుచు నాలుగేండ్ల పిల్ల పడుకొని యుండెను. పిచ్చుక తల్లి రాత్రులందు బస్సుల డిపోలో బస్సులు కడుగును. ఇంట నెవరును లేరు గనుక పిల్లను వెంట తీసికొనిపోయి, ఒక బస్సు వెనుక సీటున పండబెట్టును. ఆ బస్సును కడుగు వంతు రాగానే పిల్లను లేపి మరియొక బస్సులోనికి మార్చును. రాత్రికి తొమ్మిది బస్సులు. తొమ్మిది నిద్రలు, తొమ్మిది మేల్కొనుటలు. మూడు దినములుగా పిల్లకు ఒళ్లు వెచ్చగా నున్నది, కండ్లు లోనికి పోయినవి, ముద్ద నోటబెట్టిన ఉమియుచున్నది. "దీనికి మందు కంటే ముందు నిద్ర కావాలమ్మా" అని మందుల దుకాణపాయన యనెను. నలుబది నిమిషములు జోకొట్టగా, ఒంటిగంటా అయిదు నిమిషములకు ఆ కండ్లు మూతపడెను. ఆయమ్మకు ప్రాణము కుదుటపడెను.

ఇక శత్రుపక్షము నెరుగుడు. అయిదేండ్ల లోపు బిడ్డలకు భోజనానంతరము రెండు గంటల నిద్ర దక్కవలెనని పూర్వమొకనాడు సర్కారు వారొక విధానము చేసిరి. విధానము బంగారము వంటిదే. అందు వంక పెట్టుట పాపము. అయితే సర్కారు వారికి విధానము చేయుటకు చేతులున్నవి గాని జోకొట్టుటకు లేవు. కావున దానిని ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థకు అప్పగించిరి. పెద్ద సంస్థ ఒక సదస్సు జరిపి, అలసి, దానిని నడిమి సంస్థకు దించెను. నడిమి సంస్థ ఒక శిక్షణ జరిపి, సంచులు పంచి, చిన్న సంస్థపైకి తోసెను. ఇట్లు చేతులు మారి మారి, ఎండ పడకుండ కిటికీకి ఒక కర్టెను కావలెనని ఆయమ్మ రెండేండ్లుగా మొరపెట్టుచున్న ఆ గది చెంతకు తుట్టతుద కేమి చేరెనయ్యా యనగా, పన్నెండడుగుల బ్యానరు చేరెను. ‘నిద్ర బాల్యపు హక్కు’ అని దానిపై అక్షరములు. పక్కన నిద్రించుచున్న బిడ్డ బొమ్మ కంటె పెద్దవిగా మూడు సంస్థల ముద్రలు.

ఆ బ్యానరును ధ్వజముగా ధరించి, మెడలో గుర్తింపు కార్డు కవచముగా వ్రేలాడ, చంకలో ఫారముల కట్ట అమ్ములపొదిగా మెరయ, సమన్వయకర్త యను బిరుదు వహించిన మేడము తలుపు దబాలున తోసికొని ప్రవేశించెను. ఆమె వెనుక, మూడుకాళ్ల స్టాండు భుజమున వేసికొని ఫొటోగ్రాఫరు.

"మెల్లగా మేడం గారూ, ఇప్పుడే పడుకున్నారు" అనెను ఆయమ్మ గుసగుసగా.

"అదే కదా ఆయమ్మా మాక్కావలసింది! పడుకున్నారో లేదో చూడ్డానికే వచ్చాం!"

ఇట్లు పలికి, కెమెరా వెలుగగానే, నిద్రించుచున్న సభాసదుల నుద్దేశించి ఆ మహావక్త్రి ఎలుగెత్తెను: "చిట్టి పౌరులారా! అలసిన ప్రతి కన్నుకూ విశ్రాంతి, ప్రతి విశ్రాంతికీ ఒక సూచిక, ప్రతి సూచికకూ ఒక లక్ష్యం! మీ నిద్రను ఎవ్వరూ భంగం చేయకుండా మేం చివరి శ్వాస వరకూ కాపలా కాస్తాం!"

ఆ కాపలా ధాటికి ముగ్గురు బిడ్డలు ఉలికిపడి లేచిరి. మేడము మొదటి చాప చెంతకేగి, అందరును బొద్దోడని పిలుచువాని భుజము తట్టెను.

"బాబూ, నువ్వు నిద్రపోతున్నావా?"

"పోయాను. నువ్వు లేపావు."

ఫారములో అవును, కాదు అను రెండే గడులుండెను. మేడము ‘కాదు’ గడిలో టిక్కు పెట్టెను. తరువాతి పాపను లేపి, నవ్వు మొదలు ఏడుపు వరకు అయిదు ముఖములు గీసిన అట్ట చూపి, "నిద్రలో నీకెలా ఉంటోంది తల్లీ, వేలితో చూపించు" అనగా, ఆ పాప బొమ్మతో పనిలేక తానే బావురుమనెను. ఆ ఏడుపు చాప నుండి చాపకు ప్రాకి, క్షణములో ఏడుగురు యోధులు నిద్రా స్వర్గము నుండి భ్రష్టులైరి. నిద్ర ఉన్నదో లేదో తేల్చుటకు నిద్ర లేపుట! ఈ విద్య నేర్పుటకు మూడు సంస్థలు, ఒక సదస్సు, ఒక శిక్షణ. సిగ్గుచేటు.

అంతట మేడము మూల చాప వైపు అడుగు వేసెను. ఆయమ్మ లేచి, కొంగు బిగించి, పిచ్చుకకును ఫారములకును నడుమ అడ్డముగా నిలిచెను.

"ఈ పిల్లని మాత్రం లేపనివ్వను మేడం."

"ఇరవై రెండు మందీ రావాలమ్మా. ఒక్కరు తగ్గినా శాంపిల్ పాడైపోతుంది."

"పిల్ల పాడైపోతే పర్లేదా?"

మేడము ఛాతీ విప్పార్చి, కెమెరా వైపు ఒక కన్ను వేసి, గర్జించెను: "నా పోరాటం ఈ ఒక్క పాప కోసం కాదు! గుర్తింపు లేని, గొంతు లేని, నిద్ర లేని కోటానుకోట్ల బాలల కోసం!"

"ఆ కోట్లమందినీ మీరు చూసుకోండి. దీన్ని నాకొదిలెయ్యండి."

"ఆయమ్మా, సహకరించలేదని రాశాననుకో, ఈ పనిలోకి వేరే మనిషి వస్తుంది. ఆలోచించుకో."

ఆ మాట బాణమై తగిలెను. పదునెనిమిదేండ్ల కొలువు ఒక్క టిక్కు దూరమున నిలిచెను. అబద్ధమెందుకు, ఒక్క క్షణము పక్కకు జరుగుదమా యని ఆయమ్మకు తోచెను. వెనుక పిచ్చుక నిద్రలోనే మూలిగి, చీర కుచ్చెళ్లు పట్టుకొనెను. ఆయమ్మ జరుగలేదు. బదులుగా చేయి చాచి, మేడము చంకలోని కట్ట నుండియే ఒక ఫారమును లాగి, విప్పెను.

"ఇది మీరు రాసిందే కదా మేడం?"

"నేనే. మూడు రోజుల వర్క్‌షాప్‌లో."

"నాలుగో పేజీ, ఏడో రూలు చదవండి."

నాలుగవ పుట! వ్రాసినవారు మరచినది, అచ్చువేసినవారు చూడనిది, పై సంస్థలు తూకము కొరకు మాత్రమే ఉంచుకొన్నది! మేడము చదివెను, చదువుచుండగా స్వరము తగ్గెను: ‘పరిశీలకులు ఏ బిడ్డనైనను ప్రశ్నించుటకు ముందు, బిడ్డ స్థాయికి దిగి, చాపపై పక్కనే పడుకొని, ఫోను లేకుండ, మౌనముగా ఇరువది నిమిషములు గడపవలెను.’

"ఇదంతా ఎవరు చదువుతారమ్మా!"

"ఆరు కాపీల మీద నాతో సంతకం పెట్టించారు కదా. సంతకం పెట్టేదాన్ని, ఒక్కటైనా చదవాలిగా."

"మేడం," అనెను ఫొటోగ్రాఫరు బిక్కమొగముతో, "వీడియోలో ఇదంతా వస్తోంది. హెడ్డాఫీసుకి పంపేది ఇదే."

అట్లు స్వహస్త రచిత శాసనముచే బద్ధురాలై, ఆ సమన్వయ సార్వభౌమ చెప్పులు విడిచి ఆకుపచ్చ చాపపై వాలెను. ఫొటోగ్రాఫరు కెమెరాను అయిదు నిమిషముల కొక ఫొటో దానంతటదే తీయునట్లు అమర్చి, బొద్దోడి పక్కన ఒరిగెను.

"ఆయమ్మా, ఎండ కళ్లలో పడుతోంది."

"పిల్లలకీ అక్కడే పడుతుంది మేడం. అందుకే కర్టెను అడిగాను." అని ఆయమ్మ ‘నిద్ర బాల్యపు హక్కు’ను కిటికీకి అడ్డముగా కట్టెను. అది తన జన్మలో మొదటిసారి ఆ మాట నిలబెట్టుకొనెను.

గది చల్లబడెను. ఆయమ్మ ఆ ఏడుగురిని ఒక్కొక్కరినే, వీపు నిమిరి, చెవి వెనుక గోకి, మరల పడగొట్టెను. ఎనిమిదవవాడుగా ఫొటోగ్రాఫరు గురక పెట్టెను. మేడము కొంతసేపు పైకప్పును చూచెను. ఆమె కండ్ల క్రింది నల్లని చారలు ఆయమ్మకు అపుడు కనబడెను. ఆమె పైన నొక సమన్వయకర్త, వారి పైన మరియొకరు, అందరికిని శుక్రవారము లోపల నివేదిక కావలెను. పాపమనిపించి, అలవాటుపడిన ఆ చేయి మేడము భుజముపై మెత్తగా దెబ్బలు వేయసాగెను. నాలుగవ దెబ్బకు ఆమెయు నిద్రాదేవి వశమయ్యెను. ఇరువది నిమిషములు గడచెను. నిద్రపోవువారిని ఆయమ్మ లేపునా?

మూడుంబావుకు పిల్లల అల్లరికి మేడము దిగ్గున లేచి, "కళ్లు మూసుకుని పరిశీలిస్తున్నాను" అని ప్రకటించి, జుట్టు సవరించుకొని, ఫారములు ఏరుకొని, ఫొటోగ్రాఫరును తట్టి లేపి తీసికొనిపోయెను. బ్యానరు మరచిపోయెను. ఫొటోలు హెడ్డాఫీసు చేరగా, అచట తలలు లెక్కించు పండితులు ఏ తల నెరసినదో ఏ మూతిపై మీసమున్నదో విచారింపక, ఇరువదిరువురి లక్ష్యమునకు ఇరువదినలుగురు నిద్రించిరని, నూట తొమ్మిది శాతము సాధించితిమని వ్రాసికొని, ఒకరి నొకరు సన్మానించుకొనిరి.

అది వారి విజయము. మన విజయము వేరు.

ఆ సాయంకాలము పిచ్చుక లేచి రెండు ముద్దలు తిని, మూడవది అడిగి, బొద్దోడి జుట్టు పీకి, గుమ్మమున కూర్చుండెను. ఆరుగంటలకు తల్లి వచ్చి, భయపడుచునే అడిగెను: "ఇవాళ కూడా పడుకోలేదా అక్కా?"

"పడుకుంది."

"ఎంతసేపు?"

"రెండు గంటల పది నిమిషాలు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు."

తల్లి నుదురు తాకి చూచెను. చల్లగా నుండెను. ఆమె మెట్టుపై కూలబడి, పిల్లను ఒడిలోనికి లాగుకొని, ఆయమ్మ చేయి పట్టుకొనెను.

కావున చాటుడు, వందిమాగధులారా! రెండు గంటల పది నిమిషములు, ఒకే చాపపై, ఎవరును ఎక్కడికిని మార్చకుండ, ఒక పిల్ల నిద్రపోయెను!