ఓబుళేసు ముఖం మీద అమ్మవారు

ఆ సోమవారం పొద్దున ఓబుళేసు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం దాకా ఎండలోకి పోకూడదు. ఆదివారం మడకశిర నుంచి జయరాముడు వస్తాడు. ఇల్లూ పిల్లవాడూ నచ్చితే కూతుర్ని ఇస్తాడు. అప్పటికి ముఖం నున్నగా ఉండాలి.

ధర్మవరంలో వాళ్లది పట్టుచీరల అంగడి. చీరలకు ఎవరూ వంక పెట్టలేదు గానీ, బుగ్గలనిండా పులిపిర్లున్న ఓబుళేసుకు అందరూ పెట్టారు. పెళ్లిచూపుల్లో తాడిపత్రి పిల్ల అయితే "ముఖం మీద మిరియాలు ఎండబెట్టినారా?" అని మొహానే నవ్వింది. దాంతో జరీ కొనే నెపం మీద బెంగళూరు పోయి, అక్కడ కొత్తగా వచ్చిన లేజరు మిషనుతో అన్నీ కాల్పించుకుని వచ్చాడు. ఎండ తగిలితే కాల్చినచోటల్లా మచ్చ పడుతుందని, సబ్బు పెట్టొద్దని, గోకొద్దని, పక్కులు వాటంతట అవే రాలాలని డాక్టరు మరీమరీ చెప్పి పంపాడు.

కాఫీ తెచ్చిన తల్లి కదిరమ్మ, కొడుకు ముఖం చూసి గ్లాసు వదిలేసి చేతులు జోడించింది.

"ఎప్పుడొస్తివి తల్లీ? మా ఓబుళుడే దొరికినాడా నీకు?"

ఇంటికి అమ్మవారు వచ్చిందనుకుంది. పొక్కులు చూస్తే ఎవరైనా అంతే అనుకుంటారు. నిజం చెబుదామని నోరు తెరిచిన ఓబుళేసు మళ్లీ మూసుకున్నాడు. అమ్మకు చెబితే మధ్యాహ్నానికల్లా వీధికీ, సాయంత్రానికి మడకశిరకూ తెలుస్తుంది. పైగా అమ్మవారు పోసినవాడిని చీకటి గదిలో పడుకోబెడతారు, సబ్బు ముట్టనివ్వరు, గోకనివ్వరు. డాక్టరు చెప్పిందే ఉచితంగా జరుగుతోంది. గుమ్మానికి వేపమండలు వేలాడుతుంటే హాయిగా కళ్లు మూసుకున్నాడు.

బుధవారం ఎదురింటి తిప్పమ్మ పెరుగన్నం తెచ్చి, తలుపు బార్లా తెరిచి గడపలో కూర్చుంది.

"తల్లీ, మూడేండ్లాయ వాన మొగం చూసి. బావిలో కప్పలు గూడా సచ్చిపోయినాయి. ఎప్పుడొస్తాది చెప్పు."

ఎండ నేరుగా ఓబుళేసు బుగ్గ మీద పడుతోంది.

"వస్తాది పోవమ్మా, ఈ వారంలోనే వస్తాది! ముందు తలుపెయ్యి!"

తిప్పమ్మ తలుపు వేసింది. వేసి ఊరంతా తిరిగింది.

శనివారానికీ ఆకాశంలో మబ్బుతునక లేదు. అమ్మవారు మాట తప్పిందంటే ఏదో అపచారం జరిగి ఉంటుందని మారెమ్మ గుడి పూజారి నాగన్న తేల్చాడు. అమ్మవారు పోసిన ఓబుళేసును బండెక్కించి, మిట్టమధ్యాహ్నం ఊరంతా ఊరేగించాలట. ఆదివారం తప్పెట్లతో జనం ఇంటి ముందుకొచ్చారు. ఓబుళేసు తలుపు చెక్క పట్టుకుని వేలాడాడు.

"నాకు అమ్మా లేదు, గిమ్మా లేదన్నా! బెంగళూరులో లైటు పెట్టి కాల్చినారు!"

"ఆవేశం వచ్చిండాది! బెంగళూరు నుంచి వచ్చినానని చెప్తాండాది తల్లి. గట్టిగా కొట్టండ్రా తప్పెట!" అన్నాడు నాగన్న.

"ఎండ తగిలితే నా బతుకు పోతాదన్నా! గొడుగన్నా పట్టండి!"

గుడిలో ఉన్న అమ్మవారి గొడుగు తెచ్చి పట్టారు. దానికున్న చిల్లుల్లోంచి ఎండ సూదుల్లా దిగింది. ఓబుళేసు రెండు చేతులతో ముఖం కప్పుకుంటే, తల్లి సిగ్గుపడుతోందని ఆడవాళ్లు హారతులిచ్చారు.

బండి బస్టాండు చేరేసరికి మడకశిర బస్సు వచ్చింది. జయరాముడు దిగాడు. కాబోయే అల్లుడు పసుపు నీళ్లు కారుతూ, మెడలో వేపదండతో బండి మీద కనిపించాడు. ఇక ఈ పెళ్లి తప్పిపోయినట్టేనని ఓబుళేసు అనుకున్నాడు.

అప్పుడే పెనుకొండ దిక్కున ఉరిమింది. చూస్తుండగానే మబ్బు కమ్మి, జడివాన పట్టుకుంది. జనం బురదలోనే సాష్టాంగపడ్డారు. అందరికంటే ముందు పడినవాడు జయరాముడు.

సాయంత్రం ఇంట్లో తల తుడుచుకుని చూస్తే, నానిన పక్కులు రాలిపోయి ముఖం తమలపాకులా ఉంది. ఓబుళేసు ధైర్యంగా జయరాముడి ఎదుట కూర్చున్నాడు.

"మామా, నేను తీపిచ్చుకున్నది పులిపిర్లు. అమ్మవారు కాదు."

"పులిపిర్లు తీస్తే వానొస్తాదా అప్పా?"

ఓబుళేసు నున్నటి బుగ్గ తడుముకున్నాడు.

"పిల్లోడు బంగారమే. కానీ మొగుడూ పెండ్లాలన్నాక మాటా మాటా రాకుండా ఉండదు. మా పాప నిన్ను తిట్టల్లనా, టెంకాయ కొట్టల్లనా? తిడితే ఊరంతటికీ కరువు. వద్దప్పా, మాకు మామూలు మనిషే చాలు," అని జయరాముడు దూరం నుంచే దండం పెట్టి, రాత్రి బస్సు అందుకోవడానికి లేచాడు.

అతను గడప దాటుతుండగా ఇంటి ముందు కంబదూరు జనంతో, తప్పెట్లతో లారీ ఒకటి ఆగింది. అక్కడ కూడా వానల్లేవు.