డ్రాగన్ పూర్వచరిత్రకు మంత్రిగారి సవరణలు

"మన యువత ఇంకా ఎన్నాళ్లు పరాయి డ్రాగన్లను చంపుతూ కూర్చోవాలి? మన డ్రాగన్‌ను మనమే తయారుచేసుకుంటాం!" అని యువజన శాఖ మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు నాలుగు నిమిషాలు మోగాయి. వాటిని రికార్డు చేసింది నేనే కాబట్టి ఇందులో అతిశయోక్తి లేదు.

నేను వీడియో గేములు చేసే ఒక చిన్న కంపెనీలో సౌండ్ చూస్తాను. బట్టల కొట్టు మీద రెండు గదులు, పన్నెండు మందిమి. మంత్రిగారి డ్రాగన్ ఆట కాంట్రాక్టు షరతులు చదివి పెద్ద కంపెనీలన్నీ తప్పుకున్నాయి. మా ఓనరు చదవకుండా సంతకం పెట్టాడు. ఆ విధంగా జాతీయ డ్రాగన్ మా మేడ మీదికి వచ్చింది.

దానికి పూర్వచరిత్ర రాసే పని టీచరమ్మది. ఆవిడ ఇరవై ఏళ్లు బళ్లో చరిత్ర చెప్పారు. పుస్తకంలో పాఠాలు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే, చివరికి చెప్పడానికేమీ మిగలక మా దగ్గర చేరారు. ఇలాంటి ఆటల్లో డ్రాగన్ బలం మంటల్లో కాదు, దాని వెనకున్న కథలో ఉంటుందని ఆవిడ నమ్మకం.

ఆవిడ రాసిన కథ ఇది. దొంగల బెడద పడలేక ఊరివాళ్లే కొండెక్కి డ్రాగన్‌ను బతిమాలి తెచ్చుకున్నారు. దొంగలు పోయారు. డ్రాగన్ పోలేదు. ఏడాదికో వీధి తగలబెట్టి, ఊరి బంగారమంతా గుహలో పోసుకుని దాని మీద పడుకుంది. దాని ఎడమ రెక్క కింద ఒక్క పొలుసు లేదు. ఆ సంగతి ఊళ్లో ఒక ముసలమ్మకే తెలుసు. ఆటగాడు ఇల్లిల్లూ తిరిగి ఆవిడ చేత ఆ రహస్యం చెప్పించుకుని, కత్తి అక్కడ దించాలి.

వారం తిరక్కుండా మంత్రిగారి పి.ఏ. ఎర్ర పెన్సిలుతో వచ్చాడు.

"సార్‌కి కథ బ్రహ్మాండంగా నచ్చిందమ్మా. డ్రాగన్‌ని మాత్రం అపార్థం చేసుకున్నారని బాధపడ్డారు."

"ఎవరు, నేనా?" అన్నారు టీచరమ్మ.

"ఊరివాళ్లు. వీధి తగలబెట్టడం అనకండి, వీధి విస్తరణ అందాం."

"మరి బంగారం?"

"భద్రపరిచింది. ఊళ్లో దొంగలున్నారని మీరే రాశారు కదా!"

ఈ చురుకుదనం చూసి నేను ముచ్చటపడ్డాను. మర్నాడు మంత్రిగారి భద్రతాధికారి కూడా వచ్చాడు. పెద్దవాళ్ల ఒంట్లో లోపం ఎక్కడుందో అందరికీ చెప్పడం ప్రమాదమని, లేని పొలుసు అతికించమన్నాడు. ముసలమ్మకు మాటలు తీసేయించాడు. ఇక ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతుందంతే.

"మరి ఆటగాడు ఎలా గెలుస్తాడు?" అని టీచరమ్మ అడిగారు.

"గెలవడం దేనికమ్మా? డ్రాగన్ వైపు చేరతాడు," అన్నాడు పి.ఏ.

టీచరమ్మ కలానికి మూత పెట్టి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగసాగారు. ఓనరు వెనకే పరుగెత్తాడు.

"టీచరమ్మా, మీరు దిగితే కాంట్రాక్టు పోయి మేమంతా మీ వెనకే దిగాలి. మన బొమ్మలమ్మాయికి ఇది ఎనిమిదో నెల. ఇప్పుడు దానికి ఇంకోచోట ఉద్యోగం ఎవరిస్తారండీ?"

టీచరమ్మ మెట్ల మలుపులో ఆగి వెనక్కి చూశారు. ఆటకు బొమ్మలు గీసే ఆ అమ్మాయి గుమ్మంలోంచి చూస్తోంది. టీచరమ్మ మళ్లీ పైకొచ్చి సంచీ కింద పెట్టారు.

"పొలుసు ఏ రంగులో ఉండాలట?" అన్నారు.

డ్రాగన్ గర్జన తామే ఇస్తామని మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. నా గాజు గదిలో మైకు ముందు నిలబెట్టి, "సార్, ఒక్కసారి గర్జించండి," అన్నాను.

"ప్రియమైన సోదర సోదరీమణులారా!" అన్నారు ఆయన. నలభై నిమిషాలు ఆగలేదు. చాలని రెండు చేతులూ ఊపాను. ఆయన దాన్ని అభివాదం అనుకుని ఇంకో పది నిమిషాలు కటాక్షించారు. మంటలు తీసేసి డ్రాగన్ నోట్లో అదే పెట్టాం.

ఆవిష్కరణ రోజున కాలేజీ పిల్లల్ని బస్సుల్లో తెచ్చి హాలు నింపారు. మంత్రిగారు వేదిక మీద కూర్చుని తామే ఆడారు. కథానాయకుడు కొండెక్కి గుహలో అడుగుపెట్టాడు. డ్రాగన్ నోరు తెరిచి ప్రసంగం మొదలెట్టింది. అయిదు నిమిషాలు మంత్రిగారు చిరునవ్వుతో విన్నారు. పది నిమిషాలకు ఆవలించారు. పదిహేను నిమిషాలకు, పక్కనున్న మైకు పనిచేస్తోందన్న సంగతి మరిచిపోయి అన్నారు:

"ఎవడయ్యా వీడు, నోరు ముయ్యడేం? వీణ్ణి పొడవడానికి ఏది నొక్కాలి?"

పి.ఏ. వంగి చెవిలో, "సార్, అది మీరే," అన్నాడు. అదీ మైకులో వినబడింది.

"తెలుసు. పరీక్షించాను," అన్నారు మంత్రిగారు తడుముకోకుండా. చప్పట్లు మోగాయి. 'డ్రాగన్ సహనానికి మంత్రి పరీక్ష' అని మర్నాడు పేపర్లు రాశాయి.

మూడో రోజున పి.ఏ. పెన్సిలు లేకుండా, చప్పుడు కాకుండా మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, ఆ మొదట రాసింది... పొడిచేది... అది ఇంకా ఉందా? ఇంట్లో ఆడుకోడానికి. సార్ అడిగారని ఎవరికీ చెప్పకండి."

టీచరమ్మ సొరుగులోంచి ఆ మొదటి ఆట కాపీ తీసి ఇచ్చారు. ఆ తరవాత పది రోజులు మంత్రిగారు ఏ సమావేశానికీ రాలేదు. ప్రజాసమస్యల లోతులు చూస్తున్నారని కార్యాలయం వివరణ ఇచ్చింది.

పదకొండో రోజున ఫోన్ మోగింది. చేతిలో పని ఉండి టీచరమ్మ స్పీకరు నొక్కారు.

"అమ్మా, సార్ డ్రాగన్‌ని చంపేశారు!" పి.ఏ. సంతోషం పట్టలేక అరిచాడు. "ఇల్లిల్లూ తిరిగారు. ముసలమ్మ చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. ఆయన ఇంతలా వినడం నేనెప్పుడూ చూళ్లేదు!"

"సంతోషం బాబూ," అన్నారు టీచరమ్మ.

"ఒక్కటే సందేహం. కొండ దిగి ఊళ్లోకి వెళ్లమని ఆట చెబుతోంది. సార్ దిగనంటున్నారు. అక్కడే, ఆ బంగారం మీదే ఉండిపోవాలంటే ఏ బటన్ నొక్కాలి?"

బొమ్మలమ్మాయి బొమ్మ గీస్తున్నదల్లా ఆగింది. టీచరమ్మ ఫోన్ దగ్గరికి జరిగారు.

"దానికి బటన్ ఏమీ లేదు బాబూ. కదలకుండా కూర్చోమనండి, చాలు."

"ఒక్క క్షణం అమ్మా," అన్నాడు పి.ఏ. అవతల కాగితం తిప్పిన చప్పుడు, ఆ వెంటనే ఆవిడ మాట రాసుకుంటున్న కలం చప్పుడు స్పష్టంగా వినిపించాయి.