'సులభం' దాటని మద్దయ్య

ఎమ్మిగనూరు టైలర్ మద్దయ్య ఆ ఉదయం అనుకున్నది ఒక్కటే: ఆదోనికి పోయి లైనింగు గుడ్డ తెచ్చుకోవడం. బస్సులో కాలక్షేపానికి ఫోనులో సుడోకు తెరిచాడు. ఏడాదిగా ఆడుతున్నాడు గానీ 'సులభం' స్థాయి దాటి ఎన్నడూ పోలేదు. అందులో సగం గళ్లు ముందే నిండి ఉంటాయి. మనసుకు హాయిగా ఉంటుంది.

పక్క సీట్లోని ఉమాదేవి, ఆదోనిలో లెక్కల టీచరు, తెర మీద మెరిసిన '412 విజయాలు' చూసింది.

"నాలుగు నూర్లా! అన్నా, ఈ పొద్దు మా బడిలో సుడోకు పోటీ పెట్టినాము. జడ్జి రాలేనన్నాడు. మీరు రావల్ల!"

"అది కాదమ్మా, నేను ఆడేది..."

"ఏమీ సెప్పొద్దన్నా. ఒక గంట సాలు."

ముందు సీటువాళ్లు కూడా తిరిగి గౌరవంగా చూశారు. మద్దయ్య 'సులభం' అన్న మాట కనబడకుండా ఫోను జేబులో వేసుకున్నాడు.

బడికి చేరేసరికి మెడలో దండ పడింది. "ఈయన 'అతి కష్టం' తప్ప ముట్టడంట!" అని హెడ్మాస్టరు కాశప్ప మైకులో చెప్పేశాడు.

బోర్డు మీద రాసిన సుడోకుతో పిల్లలు ముప్పావుగంట తల పట్టుకున్నా ఒక్కరికీ లెక్క తెగలేదు.

"సారే బోర్డు మీద సేసి సూపిస్తాడు," అంటూ కాశప్ప సుద్దముక్క చేతిలో పెట్టాడు.

ఎనభై ఒక్క గళ్లు. అంకెలు ఇరవై ఆరే. నిజం చెబితే దండ తీసేస్తారా, తానే తీసివ్వాలా? ఏమీ తోచక, 'సులభం'లో చేసినట్టే నిలువు వరుసల వెంట వేలు పెట్టి ఒక్కో అంకే చూసుకుంటూ వచ్చాడు. నాలుగో వరుసలో వేలు ఆగింది.

"ఈడ రెండు ఆర్లుండాయి కదప్పా," అన్నాడు భయంభయంగా. "ఒకే వరుసలో రెండుసార్లు రాగూడదు గదా?"

ఉమాదేవి గబగబా పుస్తకం తీసి చూసింది. కింది ఆరు నిజానికి తొమ్మిది. బోర్డు మీదికి ఎక్కించిన కాశప్ప దాన్ని తలకిందులు చేశాడు.

"ఇది ఎవురికీ తెగేది కాదు! సార్ ఒక్క సూపుతో పట్టేసినాడు!" అని ఆమె అరిచింది. చప్పట్లు మోగుతుండగానే అన్నం గంట కొట్టారు. మద్దయ్య ఆ గంటకు మనసులో దండం పెట్టుకున్నాడు.

గేటు దగ్గర ఉమాదేవి పరుగున వచ్చింది. "అన్నా, శనివారం కర్నూల్లో జిల్లా పోటీ. జడ్జిగా మీ పేరు పంపించేసినా!"

శనివారం తనకు జ్వరం వస్తుందని మద్దయ్యకు అప్పుడే తెలిసిపోయింది.